ఖాళీ కాని కార్డు

అతన్ని వీధిలో అందరూ పాయింట్లాయన అంటారు. ఆ పేరు పెట్టింది ఎదురింటి టైలరు. పాయింట్లాయన జేబులోంచి డబ్బు తీసి బిల్లు కట్టగా చూసినవాడు వీధిలో ఒక్కడూ లేడు. బియ్యం, పప్పులు, సబ్బులు క్రెడిట్ కార్డు మీద కొంటాడు. గడువు లోపలే బాకీ తీర్చేసి, వడ్డీ కింద బ్యాంకుకి చిల్లిగవ్వ కూడా దక్కనివ్వడు. కొన్నందుకు వచ్చిన పాయింట్లని గిఫ్ట్ కార్డులుగా మార్చుకుంటాడు. వాటిని సూపర్ మార్కెట్ చివర బిల్లుల కౌంటర్లో ఇచ్చి కరెంటు, నీళ్ళు, గ్యాసు కట్టేస్తాడు. అలా కట్టినందుకు మళ్ళీ పాయింట్లు. ఎంగిలి చేత్తో కాకిని తోలనివాళ్ళని చాలామందిని చూశాం గానీ, ఆ కాకి దగ్గర కూడా పాయింట్లు రాబట్టేవాణ్ణి ఇతన్నే చూశామనేవాడు టైలరు.

ఉద్యోగం బస్సు డిపోలో. జనం బస్సుల్లో మరిచిపోయిన సామాన్లు భద్రం చేసే గదికి అతనే గుమాస్తా. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు, ఒకసారి కట్టుడు పళ్ళ సెట్టు. ప్రతిదానికీ ఒక చీటీ కట్టి, రిజిస్టరులో రాసి, ఏడాది పాటు అరలో ఉంచాలి. ఏడాదిలో ఎవరూ రాకపోతే వేలం. బ్యాంకు కార్డులూ గిఫ్ట్ కార్డులూ దొరికితే మాత్రం వేలం వేయకూడదు, కత్తెరతో రెండు ముక్కలు చేసి, చేశానని సంతకం పెట్టాలి.

ఇక్కడే అతను తనకంటూ ఒక నియమం పెట్టుకున్నాడు. గిఫ్ట్ కార్డు కత్తిరించే ముందు అందులో మిగిలిన పదో పాతికో తన బిల్లులో వాడేసి, సున్నా చేసి, అప్పుడు కత్తిరిస్తాడు. ఎలాగూ చెత్తబుట్టలోకి పోయే సొమ్మే కదా, పోగొట్టుకున్నవాడికి రాదు, కంపెనీవాడికి మిగలడం ఎందుకు అని అతని లెక్క. దీన్ని దొంగతనం అంటే అతనికి నిజంగా బాధ కలిగేది. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒక్క గొడుగు ఇంటికి తీసుకెళ్ళలేదు మరి.

ఆ నీలం సంచి గురించి చెప్పాలి. చివరి స్టాపులో, వెనక సీటు కింద దొరికింది. రెండు చొక్కాలు, టూత్ బ్రష్షు, ఫోను చార్జరు, ఒక కవరు. కవర్లో సూపర్ మార్కెట్ గిఫ్ట్ కార్డు, పైన చేత్తో రాసిన ఒక ముక్క: ‘చేతిలో ఎప్పుడూ కొంచెం ఉండాలి.’ ఏడాదైనా ఎవరూ రాలేదు. చొక్కాలూ సంచీ వేలంలో పోయాయి. కార్డులో నలభై రెండు రూపాయలున్నాయి. పాయింట్లాయన దాన్ని నీళ్ళ బిల్లులో కలిపేశాడు. మర్నాడు పొద్దున్న డిపోలో కత్తెర తీసి, అలవాటు ప్రకారం చివరిసారి కార్డు మీదున్న నంబరుకి ఫోన్ చేసి నిల్వ ఎంతో అడిగాడు. సున్నా అనాల్సిన గొంతు ఐదు వందలు అంది.

కత్తెర పక్కన పెట్టాడు. మెషీను తప్పయి ఉంటుందనుకున్నాడు. మెషీను తప్పు చేసి మనకి డబ్బిచ్చిన రోజు ఎప్పుడైనా ఉందా అని మనసు అడిగింది గానీ, దాని నోరు నొక్కేశాడు. ఆ ఐదు వందలూ కరెంటుకి వాడాడు. రెండు రోజులకి మళ్ళీ ఐదు వందలు చేరాయి.

ఇంటావిడకి చెప్తే ఆమె మొహం మాడిపోయింది. ఊరికే వచ్చింది ఊరికే పోదని, ఎవరి సొమ్మో ఏమో ఆ కార్డు ముక్కలు చేసి పారేయమని అంది. పిల్లల్లేని ఇల్లు వాళ్ళది, ఉన్నది ఇద్దరే. ఆమె మాట అతను చాలా విషయాల్లో వింటాడు. డబ్బు విషయంలో వినడు.

మూడో నెల గ్యాసు బిల్లు కట్టినప్పుడు కౌంటరమ్మాయి రసీదు చింపి ఇస్తూ, మీకేదో మాట వచ్చింది చూసుకోండి అంది. రసీదు అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: ‘గ్యాసు వాడుతున్నావు. ఇంట్లో వంట మొదలుపెట్టావన్నమాట. సంతోషం నాన్నా.’

అతను రసీదు రెండుసార్లు చదివాడు. ఇదేమిటని అడిగితే ఆ పిల్ల తాపీగా వివరించింది. ఈ కార్డు కొన్నవాళ్ళ ఫోనుకి ప్రతిసారీ మెసేజ్ వెళ్తుందిట. ఏ బిల్లు, ఎంత, ఏ కనెక్షన్ నంబరు, అన్నీ. కార్డులో మళ్ళీ డబ్బు వేసేటప్పుడు వాళ్ళేమైనా రాస్తే, అది ఇక్కడ రసీదు మీద పడుతుంది.

అప్పుడర్థమైంది. ఎక్కడో ఒక తల్లి. ఇల్లు వదిలి వెళ్ళిన కొడుకు. సంచి బస్సులో వదిలేసిన అతను, దాన్ని వెతుక్కుంటూ ఏడాది వరకూ రాని అతను. ఆమెకి ఆ సంగతి తెలీదు. ఆమెకి తెలిసిందల్లా తన కొడుకు ఎక్కడో ఒక ఇంట్లో నీళ్ళు వాడుకుంటున్నాడు, దీపం వేసుకుంటున్నాడు, అన్నం వండుకుంటున్నాడు. పాయింట్లాయనది అద్దె ఇల్లు, కనెక్షన్లన్నీ యజమాని పేరు మీదే ఉన్నాయి కాబట్టి, అద్దెకుంటున్నది ఎవరో ఆ నంబర్లు చెప్పవు. తను కార్డు వాడినంత కాలం ఆమె కొడుకు బతికే ఉంటాడు. కత్తెర వేసిన రోజు పోతాడు.

ఆ వేసవిలో అతని మరదలు పసిబిడ్డతో వచ్చి రెండు నెలలుంది. నీళ్ళ బిల్లు రెట్టింపయింది. రసీదు మీద పడింది: ‘ఇన్ని నీళ్ళా! పెళ్ళయిందా నాన్నా? బిడ్డ కూడానా? చెప్పకపోయినా ఫర్వాలేదు.’ ఆ నెల వెయ్యి వేసింది. ఇంటావిడ ఆ కాయితం చదివి వంటింట్లోకి వెళ్ళిపోయి చాలాసేపు బయటికి రాలేదు. తర్వాత మొగుడూ పెళ్ళాం మరదల్ని దిగబెట్టడానికి వెళ్ళి పది రోజులు అక్కడే ఉండిపోయారు. తిరిగొచ్చి బిల్లు కడితే: ‘కరెంటు సగానికి సగం తగ్గింది. ఒంట్లో బాగాలేదా? ఆస్పత్రిలో ఉన్నావా? నాకు నిద్ర లేదు.’

నిజం చెప్పాలంటే ఆ మాటలు చదివినప్పుడు అతనికి భయం కంటే ముందు హాయి కలిగింది. వాళ్ళమ్మ పోయి ఇరవై ఏళ్ళు. ఒంట్లో ఎలా ఉందని అడిగినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు. ఆ హాయి కలిగినందుకే అతనికి తన మీద తనకి అసహ్యం వేసింది. ఎవరి కొడుకో తినాల్సిన అన్నం తను తింటున్నట్టు అనిపించింది.

“ఆవిడ మన ఇంట్లోకి చూస్తోందండీ,” అంది ఇంటావిడ. “నేను కుళాయి తిప్పితే ఎవరో లెక్కపెడుతున్నట్టుంది. ఆపేయండి.”

ఆపేశాడు. కార్డు డిపోలో సొరుగు అడుగున పడేశాడు, కత్తిరించడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఆ నెల బిల్లులు జేబులోంచి కట్టాడు, అదే మొదటిసారి. నలభై రోజులు గడిచాయి. ఆ నలభై రోజులూ తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. నలభై ఒకటో రోజు ఉండబట్టలేక ఫోన్ చేస్తే నిల్వలో వింత లెక్క వినిపించింది, ఎప్పటిలా నిండు వందలు కాదు, పైన చిల్లర కూడా చేరింది. కార్డు తీసుకుని కౌంటరుకి వెళ్ళి, గ్యాసుకి కొంచెం కట్టమన్నాడు.

మెషీను రసీదు కక్కడం మొదలుపెట్టింది. ఆగలేదు. కౌంటరమ్మాయి మొదట నవ్వింది, తర్వాత నవ్వడం మానేసి కాయితం రెండు చేతులతో పట్టుకుంది. ఆ తల్లి రోజుకొకసారి, ఒక్కో రూపాయి చొప్పున వేసిందిట. వేసినప్పుడల్లా ఒకే మాట. ‘ఉన్నావా?’ దాని కింద, ‘ఉన్నావా?’ దాని కింద, ‘ఉన్నావా?’ బారెడు కాయితం నిండా నలభై సార్లు. వెనక లైన్లో ఉన్నవాళ్ళు తొంగి చూస్తున్నారు. పాయింట్లాయన ఆ కాయితాన్ని చుట్టి చొక్కా లోపల పెట్టుకుని ఇంటికొచ్చాడు. బిల్లు కట్టిన సంగతి అప్పటికే ఆ తల్లికి చేరిపోయింది. మరో రెండు రోజులకి నీళ్ళు కడితే రసీదు మీద ఉంది: ‘ఉన్నావు. కనెక్షన్ నంబరు పట్టుకుని ఇల్లు కనుక్కున్నాను. ఆదివారం వస్తాను. తలుపు తీయకపోయినా ఫర్వాలేదు, బయట నుంచి చూసి పోతాను.’

ఆదివారం దాకా మొగుడూ పెళ్ళాం పొడి మాటలు తప్ప మాట్లాడుకోలేదు. ఇల్లు వదిలి ఎక్కడికైనా పోదామని ఇంటావిడ ఒకసారి అంది, మళ్ళీ తనే వద్దంది. అతను చెప్పాల్సిన మాటలన్నీ వరసగా పెట్టుకున్నాడు. సంచి దొరికింది, ఎవరూ రాలేదు, కార్డు వాడటం నా తప్పు. ఉద్యోగం పోతే పోతుందిలే అనుకున్నాడు. ఉద్యోగం గురించి అతను అంత తేలిగ్గా అనుకోవడం అదే మొదలు.

మధ్యాహ్నం మూడింటికి ఆమె వచ్చింది. అరవై ఐదేళ్ళుంటాయేమో, సన్నటి మనిషి, చేతిలో గొడుగు. బెల్లు కొట్టలేదు. ఇంటి పక్క గోడకి ఉన్న కరెంటు మీటరు పెట్టె ముందు నిలబడి, అద్దంలోంచి లోపలికి చూస్తూ ఉండిపోయింది. పావుగంట చూసింది. వీళ్ళిద్దరూ కిటికీలోంచి ఆమెనే చూస్తున్నారు. చివరికి అతనే తలుపు తీశాడు.

ఆమె తల తిప్పలేదు.

“తిరుగుతోంది,” అంది, మీటరు చక్రాన్ని చూస్తూ. “రాత్రిళ్ళు కళ్ళు మూసుకుంటే నాకిదే కనిపిస్తుంది బాబూ.”

లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. ఇంటావిడ మంచినీళ్ళిస్తే, గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, ఇవేనా ఆ నీళ్ళు అన్నట్టు కాసేపు చూసి, అప్పుడు తాగింది. అతను మొదలుపెట్టాడు. ఒక్క ముక్క దాచలేదు. ఏ రూటు బస్సు, ఏ సీటు, ఏ తారీఖు, రిజిస్టరులో ఎన్నో నంబరు, చొక్కాల రంగేమిటి, నలభై రెండు ఎలా వాడాడు, కత్తెర ఎందుకు ఆపాడు, అన్నీ చెప్పాడు. ఆమె మధ్యలో ఒక్కసారే ఆపి, సంచి కోసం ఏడాదిలో ఎవరూ రాలేదా అని అడిగింది.

“ఎవరూ రాలేదమ్మా.”

“ఫోనైనా?”

“ఫోను కూడా రాలేదు.”

ఆమె ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. లేచి ఇల్లంతా నెమ్మదిగా తిరిగింది, అడక్కుండానే. వంటింట్లో గ్యాసు పొయ్యి మీద అరచెయ్యి పెట్టింది. కుళాయి తిప్పి, నీళ్ళు వచ్చాక కట్టేసింది. పడగ్గది గుమ్మంలో ఆగి, పసిబిడ్డ ఏదమ్మా అంది. మా చెల్లెలి బిడ్డ, వెళ్ళిపోయారు అని ఇంటావిడ చెప్తే తల ఊపింది. పాయింట్లాయన కార్డు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. తీసుకుంది.

గుమ్మం దిగుతూ అడిగింది. “ఇక్కడ నీళ్ళ బిల్లు ఏ తారీఖున వస్తుంది?”

“ఐదున,” అన్నాడు అతను, ఎందుకని అడగాలని తోచక.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి, అమ్మయ్య అనుకున్నాడు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఇద్దరూ ఒళ్ళెరగకుండా నిద్రపోయారు. తప్పు ఒప్పుకుంటే ఇంత తేలికా అని అతనికి ఆశ్చర్యం. పాపం ఆ తల్లి గుండె మీద బరువు ఎంత పెరిగిందో ఆలోచించడానికి అతని తేలికలో చోటు లేకపోయింది.

ఆరో తారీఖున నీళ్ళ బిల్లు పట్టుకుని కౌంటరుకి వెళ్ళాడు. కౌంటరమ్మాయి నంబరు కొట్టి చూసి, కట్టేశారు కదా సార్ అంది. కరెంటు చూడమన్నాడు. అదీ కట్టేశారు. గ్యాసూ కట్టేశారు. అన్నీ ఆ పాత కార్డు మీదే. రసీదు నకలు తీసిమ్మన్నాడు. అడుగున ఉంది: ‘ఆ రోజు చెప్పినవన్నీ మర్చిపోయాను నాన్నా. నువ్వూ మర్చిపో.’

అది మొదలు ఆ ఇంటికి బిల్లు కట్టే పని లేకుండా పోయింది. అతను డబ్బు తిరిగి ఇవ్వాలని చూశాడు. కార్డు కంపెనీవాళ్ళు ఆమె చిరునామా ఇవ్వలేమన్నారు, వాళ్ళ ద్వారా పంపిన ఉత్తరం తిరిగొచ్చింది. ఊరికే వస్తే ఫినాయిలైనా వదలని మనిషికి ఊరికే వచ్చిన నీళ్ళు గొంతు దిగడం మానేశాయి. క్రెడిట్ కార్డు సొరుగులో పడింది. నెలనెలా అతను కౌంటర్లో తీయించే నకళ్ళలో ఆమె కబుర్లు చెప్తూనే ఉంది. మోకాలు నొప్పిగా ఉందిట. ఇంటికి సున్నం వేయించిందిట. ఎదురు ఎప్పుడూ ఏమీ అడగలేదు, బిల్లే జవాబు కాబట్టి.

చలికాలం చివర్లో మరదలు కొత్తింట్లోకి మారుతుంటే సాయం పట్టడానికి మొగుడూ పెళ్ళాం రెండు వారాల ప్రయాణం కట్టారు. ఇల్లు వదిలేటప్పుడు పాయింట్లాయన చేసే తతంగం వీధంతటికీ తెలుసు. ప్లగ్గులన్నీ పీకుతాడు, మెయిన్ కట్టేస్తాడు, కుళాయిలు బట్టతో బిగిస్తాడు. ఆటో వచ్చి ఆగింది. ఇంటావిడ సామాను ఎక్కించింది. అతను తాళం వేసి రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి వెళ్ళి, తాళం తీసి, చెప్పులతోనే లోపలికి వెళ్ళాడు. మెయిన్ వేశాడు. ముందు గదిలో ఫ్యాను తిప్పాడు. వంటింట్లో కుళాయి సన్నటి ధారగా వదిలాడు. ఎవరైనా తనని చూస్తున్నారేమోనని ఒకసారి గోడల వంక చూశాడు. బయటికొచ్చి తాళం వేశాడు.

ఇంటావిడ ఆటో పక్కన నిలబడి అంతా చూసింది.

“ఫ్యాను ఒక్క గదిలోనే వేశారా?” అంది. “రెండిట్లోనూ వేయండి. బిల్లు తగ్గితే ఆవిడ నిద్రపోదు.”

అతను మళ్ళీ తాళం తీశాడు.