మొదటి వంతు పిన్ని చేతిది

మొన్న అమలాపురంలో మా వదినగారిని చూడడానికి ఆసుపత్రికి వెళ్ళి, లిఫ్టు తలుపులు మూసుకుంటుంటే తొందరపడి చెయ్యి అడ్డం పెట్టాను. అవి నా చేతికి తగలకముందే ఆగి, వెనక్కి జరిగాయి. లోపలివాళ్ళెవరూ తలైనా ఎత్తలేదు గాని నేను మాత్రం ఎక్కడం మర్చిపోయి అక్కడే నిలబడిపోయాను. ఒకప్పుడు ఒక యంత్రానికి ఆపాటి బుద్ధి నేర్పడానికి నేను పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు మరి.

అప్పటికి నేను కాకినాడలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించుకుని వచ్చి కొద్ది నెలలే అయింది. మా అక్క భర్త, బావగారు, మస్కట్‌లో చాలా ఏళ్ళు పనిచేసి తిరిగివచ్చి, పి.గన్నవరం దగ్గర కొబ్బరి పీచు మిల్లు పెట్టారు. నానబెట్టిన డొక్కల్ని, అంటే కొబ్బరికాయ పైనుండే పీచు తొక్కల్ని, ఆడవాళ్ళు ఒక్కొక్కటిగా అందిస్తుంటే రెండు రోలర్లు వాటిని లోపలికి లాక్కుని నలగ్గొట్టేవి. ఆ అందించేవాళ్ళలో మా పిన్ని ఒకరు. అమ్మ పోయాక అక్కనీ నన్నూ పెంచింది ఆవిడే. అల్లుడి మిల్లే కదా అని కూర్చోమంటే కూర్చోవడం ఆవిడకి చేతనయ్యేది కాదు. అంతకుముందు వేరే మిల్లులో పనిచేసిన రోజుల్లోనే ఆవిడ ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ పోయాయి. మిగిలిన వేళ్ళతోనే నాకు బడికి వెళ్ళేముందు జడలు వేసేది, ఒక్క పాయ కూడా వదులు కాకుండా.

బావగారు నన్నడిగింది రోజుకి ఎన్ని డొక్కలు నలిగాయో చూపించే పెట్టె మాత్రమే. నేను ఒప్పుకుని, దానితోపాటు రోలర్ల ముందు కంటికి కనిపించని కాంతి గీత ఒకటి పెడతాననీ, చెయ్యి ఆ గీత దాటితే మోటారు ఆగి బ్రేకు పడేలా చేస్తాననీ చెప్పాను. డొక్కలు కింది వాలు మీంచి జారిపోతాయి కాబట్టి గీతకి తగలవు. అన్నిటినీ నడిపేది మైక్రోకంట్రోలర్ అనే వేలెడంత చిప్పు, దానిలోకి ప్రోగ్రాము నేను రాసి ఎక్కించాలి. అందులోని టైమరు ప్రతి మిల్లీసెకండుకీ ఆ చిప్పుని తట్టి, చేతిలో పని ఆపి గీత తెగిందేమో చూసిరమ్మంటుంది. ఇలా పని మధ్యలో పిలవడాన్నే ఇంటరప్టు అంటారు.

మొదటి పరీక్ష చేతికి బదులు అరటి దవ్వతో చేశాం. యంత్రం ఠక్కున ఆగింది. మళ్ళీ పెడితే మళ్ళీ ఆగింది. ఎన్నోసారికో మాత్రం దవ్వ కొస నలిగి, నీళ్ళు కారుతూ బయటికొచ్చింది. పిన్ని దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, పక్కన పెట్టింది.

"ఎప్పుడో ఒకసారే కదమ్మా. సోమవారం మొదలెట్టేద్దాం, తర్వాత సరిచేద్దువుగాని," అన్నారు బావగారు.

"ఆగని ఆ ఒక్కసారి ఎవరి చెయ్యి పెడదామండీ?" అన్నాను. పెద్దల ముందు గొంతెత్తడం నాకు అదే మొదలు. బావగారు దవ్వకేసి చూసి, సోమవారం మాట మళ్ళీ ఎత్తలేదు.

కాకినాడలో జిరాక్సు తీయించుకున్న చిప్పు పుస్తకం తప్ప నాకు వేరే దిక్కు లేదు. మిల్లు వరండాలో కూర్చుని, ముసురు జల్లుకి కాగితాలు తడవకుండా ఒళ్ళో దాచుకుంటూ చదివాను. పరీక్షలు మళ్ళీ మళ్ళీ చేశాక ఒక సంగతి కంటపడింది. డొక్క దాటి, పెట్టె మీద అంకె మారుతున్న క్షణంలో దవ్వ పెడితేనే ఆలస్యమవుతోంది. డొక్కల లెక్క కూడా ఇంటరప్టే. రెండింటికీ నేను ఒకే హోదా ఇచ్చాను. అంకె రాయడం నిదానంగా సాగే పని, అది ముగిసేదాకా టైమరు పిలుపు గుమ్మం బయటే నిలబడాల్సి వస్తోంది. ఆ కాస్త ఆలస్యం చాలు, రోలర్లు లాక్కోవడానికి.

చిప్పులో పిలుపులకి పై వరస, కింది వరస అని రెండున్నాయి. పై వరస పిలుపు వస్తే కింది వరస పని మధ్యలోనే ఆగాలి. టైమరుని పై వరసలో పెట్టాను. కానీ సంబరంలో గంట మోగించడం, దీపం వెలిగించడం, మోటారు నడిచిన సమయం కూడడం, అన్నీ ఆ పిలుపులోనే కుక్కేశాను. ఒక పిలుపు పని తెమలకుండానే ఇంకో పిలుపు వచ్చిపడి, ఆలస్యం ఇంకా పెరిగింది. పాఠం బాగానే తగిలింది. అన్నీ తీసిపారేశాను. గీత చూడు, తెగితే మోటారు ఆపి బ్రేకు వెయ్యి. అంతే. మిగతావన్నీ తీరిక దొరికినప్పుడు చేసుకోమని వదిలేశాను.

ఆ రోజు పొద్దున్నించి సాయంత్రందాకా దవ్వలు పెడుతూనే ఉన్నాం. ఒక్కటీ నలగలేదు. చివరికి నేను చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటుంటే పిన్ని అడ్డం వచ్చింది.

"నీ చెయ్యెందుకే తల్లీ? నాకైతే పోయినా అలవాటే, నేను పెడతాను."

"రాసింది నేను పిన్నీ, పెట్టాల్సిందీ నేనే," అని పెట్టేశాను. రోలర్లు నా వేళ్ళకి జానెడు దూరంలో ఆగిపోయాయి. పిన్ని నా చెయ్యి తన కొంగులోకి లాక్కుని, చాలాసేపు వదల్లేదు. తర్వాత బావగారివైపు తిరిగి, "ఆయ్, ఇంక మొదలెట్టుకోండి అల్లుడుగారూ," అంది.

మిల్లు చాలా ఏళ్ళే నడిచింది. ఒక వానపొద్దు, కొత్తగా చేరినావిడ తడినేల మీద జారి, చెయ్యి సూటిగా రోలర్లవైపు వెళ్ళింది. యంత్రం ఆగింది. ఆవిడ లేచి, చీర దులుపుకుని, పాడు మిషను మాటిమాటికీ ఆగుతోందని తిట్టుకుని మళ్ళీ డొక్క అందుకుంది. ఏం తప్పిపోయిందో ఆవిడకి తెలియనే తెలియదు. నేను షెడ్డు వెనక్కి వెళ్ళి గోడకి ఆనుకుని ఏడ్చేశాను.

నేటి ఇంజనీర్లు వింటే నవ్వుకోవచ్చు, అలాంటి పనిని ప్రోగ్రాముకి ఒక్కదానికే వదలకూడదని. నిజమే, ఇప్పుడు యంత్రాలు మావాటికంటే ఎన్నో రెట్లు క్షేమంగా, సీలు వేసుకుని వస్తున్నాయి. వద్దనను. పిన్ని ఇప్పుడు లేదు, మిల్లూ చేతులు మారింది. కానీ మన ఈడువాళ్ళకి చెబితే అర్థమవుతుందని చెబుతున్నాను. ఈరోజు ప్రోగ్రాములు రాసేవాళ్ళకి తాము ఎవరి చెయ్యి కాపాడుతున్నారో తెలియదు, ఆ చేతికీ రాసినవాళ్ళెవరో తెలియదు. నేను మాత్రం మిల్లు గదిలో కంప్యూటరు కీబోర్డు మీంచి తలెత్తితే చాలు, కిటికీలోంచి పిన్ని డొక్కలు ఏరుతూ కనిపించేది.