తాడు పట్టుకున్న మామగారు

ప్రత్యేకాంధ్ర ఉద్యమం జరిగిన ఆ శీతాకాలం మా రేపల్లె లైనులో రైళ్ళు ఆగిపోయాయి. బడులు మూతపడ్డాయి. తెనాలిలో కర్ఫ్యూ అని పేపర్లో వచ్చేది. అప్పటికి నాకు అక్షరాలు రావు. మా తోడికోడలు చదివి చెప్పేది.

తను బాపట్ల పిల్ల. పెళ్ళయి ఏడాది కాలేదు. పుట్టింటికి వెళ్దామని పెట్టె సర్దుకుంటే రైలూ లేదు, బస్సూ లేదు. మనిషికి తిండి తగ్గింది, మాట తగ్గింది. ఒక మధ్యాహ్నం ఇద్దరం పిడకలు కొడుతుంటే, ఎలాగైనా మాట్లాడించాలని, బాపట్లలో నీకు ఏది బాగుంటుందని అడిగాను. అమ్మ గురించి చెబుతుందనుకున్నాను.

"స్కూల్లో పరుగుపందెం అక్కా. నా ముందు ఎవరూ ఉండేవాళ్ళు కాదు. పెళ్ళయ్యాక మళ్ళీ పరిగెత్తిందే లేదు."

"మొన్న కోడి తప్పించుకుంటే పరిగెత్తావుగా?"

"అదీ ఒక పరుగేనా," అని నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల నవ్వడం చూశాను. వీధిలో ఆడవాళ్ళకి పందెం పెట్టించాలని అప్పుడే అనుకున్నాను.

అత్తయ్య ఒప్పుకోలేదు. "నలుగురు ఒకచోట చేరితే పోలీసులు జీపు ఎక్కిస్తున్నారు. ఇప్పుడా మీకు పందేలు?"

"చూసేవాళ్ళు ఎవరి అరుగు మీద వాళ్ళు కూర్చుంటారు అత్తయ్యా. సొంత అరుగు మీద కూర్చుంటే ఎవరేమంటారు? ఇక పరిగెత్తే వాళ్ళని పట్టుకోవాలంటే పోలీసులు కూడా పరిగెత్తాలిగా."

అత్తయ్యకి నవ్వొచ్చింది. మామగారు మాత్రం ఒక షరతు పెట్టారు. "జీపు వస్తే జవాబు చెప్పడానికి ఒక పెద్దవాడు ఉండాలి. చివర తాడు నేను పట్టుకుంటా." ఆయన మాటకి ఊళ్ళో విలువుంది. అంతకన్నా ఏం కావాలని సంబరపడ్డాం.

పందెం రోజు పొద్దున ఆయన ఉతికిన కండువా వేసుకుని, ఇంటి ముందు రోడ్డు మీద కుర్చీ వేసుకున్నారు. పలుపుతాడు ఒక కొస బండి చక్రానికి కట్టి, రెండో కొస చేత్తో పట్టుకున్నారు. వీధి ఆ చివర మేం కొంగులు బిగించి, కుచ్చిళ్ళు పైకి దోపి నిలబడ్డాం.

కదలడమే ఆలస్యం, తోడికోడలు మమ్మల్ని దుమ్ములో వదిలేసి పోయింది.

"బాపట్ల రైలు కదిలిందమ్మోయ్," అని ఒక అరుగు మీద నుంచి అరిచారు.

"ఆ వెనక వచ్చేది గూడ్సుబండి," అని ఇంకో అరుగు నన్ను చూసి అంది.

తాడు ఇంకో నాలుగు అంగల్లో ఉందనగా తను ఆగిపోయింది. ఎదురుగా మామగారు. దోపిన కొంగు లాగి భుజాల నిండా కప్పుకుని, పక్కకి తప్పుకుని తలవంచుకుంది. వెనక వచ్చిన వాళ్ళూ అంతే. వీధిలో కోడళ్ళందరికీ ఆయన మామగారో బావగారో అవుతారు. ఆఖర్న చేరిన నేనూ, ఇంత చేయించిన దాన్ని, కొంగు సర్దుకుని వరసలో నిలబడ్డాను.

"ఏంటమ్మా ఆగారు? తాడు దాటాలి, రండి," అన్నారాయన. ఒక్కరూ కదల్లేదు.

అరుగు మీద నుంచి అత్తయ్య అంది: "మీరక్కడుంటే వాళ్ళెట్టా వస్తారండీ? ఇన్నేళ్ళ కాపురంలో నేనే మీ ముందు నడవలేదు."

నేను తోడికోడలి వైపు చూశాను. తల వంచుకునే ఉంది కానీ చూపంతా తాడు మీదే. పందెం ఇక్కడితో సరి అంటారేమో అనుకున్నాను.

మామగారు తాడు వంకా, మా వంకా చూశారు. తాడు కొస అత్తయ్య చేతికిచ్చి, కుర్చీ ఎత్తుకుని ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. "మళ్ళీ మొదటి నుంచి పరిగెత్తండి. జీపు వస్తే పిలవండి," అని లోపలి నుంచి వినిపించింది.

రెండోసారి తను ఇంకా జోరుగా పరిగెత్తింది. అత్తయ్య చేతిలోంచి తాడు ఊడిపోయింది. గెలిచావే, ఆగవే అని అరుస్తున్నా వినకుండా కాలవ కట్ట ఎక్కి లాకుల వైపు పోయింది.

"ఎవరు గెలిచారు?" తలుపు వెనక నుంచి మామగారు అడిగారు.

"మన చిన్నకోడలేనండి."

"ఏదీ, ఒకసారి పిలువు."

అత్తయ్య కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని కట్ట వైపు చూసింది. "ఇంకా పరిగెత్తుతోందండి. వచ్చాక పంపిస్తా."