మొదటి పేజీలో మా పిన్ని గౌన్లు

ఆ రోజుల్లో, అంటే చేతికి ఫోను వచ్చి బుర్రకి ఇంకా ఏమీ రాని రోజుల్లో, లోకంలో పనికొచ్చేదంతా సెర్చ్‌లో మొదటి పేజీలోనే ఉంటుందనీ, రెండో పేజీకి వెళ్ళేవాళ్ళు దారి తప్పినవాళ్ళనీ నేను గట్టిగా నమ్మేవాణ్ణి. కలకత్తా వాట్‌గంజ్‌లో మా వీధిలో సగం ఇళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు పనికి వచ్చినవాళ్ళవే. మా పిన్ని మాత్రం మెటియాబ్రుజ్‌లో ఒక బట్టల కార్ఖానా యజమాని కత్తిరించి పంపే గుడ్డల మూటలు ఇంట్లో కుట్టి పంపేది. మెడనొప్పి ఆవిడది, పేరు ఆయనది. ఒక ఏడు ఆవిడకి విసుగొచ్చి, మూటలు ఆపేసి, చిన్నపిల్లల గౌన్లు సొంతంగా కుట్టి ఇంటర్నెట్‌లో అమ్ముతానంది. "దుర్గా పూజల దాకా నీ చోటు ఉంచుతాను దీదీ, ఆ తరవాత వచ్చినా పని దొరకదు" అన్నాడట యజమాని. కాబట్టి పూజల్లోపు గౌన్లు అమ్ముడుపోవాలి, లేదంటే మళ్ళీ ఆ మూటలే. ఇంట్లో కంప్యూటర్ కోర్సులో చేరినవాణ్ణి నేనొక్కణ్ణే (పూర్తి చేశానని అనలేదు, గమనించాలి). అందుకని దుకాణం పేజీ నా చేతికి వచ్చింది.

ప్రతి ఫోటో కిందా "కలకత్తా నంబర్ వన్ అందమైన చవకైన గౌను" అని రాశాను. ఒకే మాట ఎన్నిసార్లు రాస్తే పేజీ అంత పైకి లేస్తుందని కోర్సులో ఎవరో అన్నారు. మాది లేవలేదు. జనం అసలు ఏం వెతుకుతారా అని ఆలోచిస్తే, మా వీధివాళ్ళు నన్ను ఫోనులో చూసిపెట్టమని అడిగేది ఒక్కటే: ఊరికి వెళ్ళే బండి ఎన్నింటికి? నాకు జ్ఞానోదయమైంది. గౌన్ల కింద "హౌరా నుంచి శ్రీకాకుళం రైళ్ళ వేళలు" అని తెలుగులో ఒక పట్టిక పెట్టాను. (వేళలు ఎక్కడివంటే, నాన్న ఎప్పుడో బీరువా తలుపు లోపల అంటించిన కాగితంలోవి.) తెలుగులో ఆ సంగతి రాసినవాళ్ళు ఇంకెవరూ లేరు కాబోలు, పేజీ లేచింది. ఊరి బండి కోసం ఎవరు వెతికినా మొదట మా పిన్ని గౌన్లే. ఇక ఫోను ఆగలేదు.

"అమ్మా, బండి ఏ ప్లాట్‌ఫారం మీదకొస్తాదండీ?"

"ఏటి బండి బాబూ? ఇక్కడ గౌన్లమ్ముతాం."

"నాకు గౌన్లెందుకమ్మా, నాను మేస్త్రీని. బండి సంగతి సెప్పండి."

పిన్ని ఫోను పెట్టేసి నా వైపు తిరిగేది. "ఒరే గుంటడా, నిన్ను దుకాణం పెట్టమన్నానా, టేసను పెట్టమన్నానా?"

"జనం వస్తున్నారు కదా పిన్నీ. వచ్చినవాళ్ళు ఎప్పటికైనా కొంటారు."

"ఒచ్చినోలంతా ఎల్లిపోడానికే కదరా ఒచ్చింది!"

అయినా పట్టిక తీయలేదు. జీవితంలో మొదటి స్థానం నాకు అదే మొదటిసారి మరి.

పూజలు దగ్గర పడుతుండగా ఒక ఉదయం, భుజాన సంచీతో ఒకాయన, వెనకే భార్య, చిన్నపిల్ల మా గుమ్మం ముందుకొచ్చారు. "రైళ్ళ టైములు రాసిన మొగోడు ఎవడు?" అన్నాడాయన. ఆ మొగోడు అప్పటికే బట్టల తానుల వెనక్కి చేరాడు. ఆ బండి వేళ ఎప్పుడో మారిపోయింది. నేను రాసిన టైముకి వాళ్ళు స్టేషన్‌లో అడుగుపెట్టేసరికి అది వెళ్ళిపోయి చాలాసేపైంది. మర్నాడు ఊళ్ళో ఆయన చెల్లెలి గృహప్రవేశం. వాళ్ళు పేజీలో ఉన్న చిరునామా పట్టుకుని తిన్నగా వచ్చేశారు.

"మా అక్క కొడుకు రాసినాడు బాబూ. తప్పు మాదే. కూకోండి, పిల్ల ఎండన పడొచ్చింది" అంది పిన్ని. వాళ్ళకి అన్నం పెట్టాక తానుల వైపు చూసింది. "బయటికి రా. నీ మాట నమ్మి బండి పోగొట్టుకున్నోల్లని బండెక్కించి రా."

హౌరాలో రిజర్వేషన్ లేని టిక్కెట్ల వరసలో, నా జన్మలో అంత పొడుగు వరస ఎప్పుడూ చూడలేదు, వాళ్ళ కోసం నేనే నిలబడ్డాను. ఆయన సంచీ మీద కూర్చుని, అటు తిరిగి రైళ్ళ బోర్డు చూస్తున్నాడు. ఆవిడే మాట్లాడింది. "తమ్ముడూ, బండి కోసం సూత్తుంటే ఆ గౌన్లు అగుపించినాయి. మా గుంటకొకటి తీద్దారనుకున్నాను. ఎన్నేళ్ళ పిల్లకో రాయలేదేటి? గుండీలు ముందుంటాయా, ఎనకా? ఉతికితే రంగు పోతాదా?" వీటిలో ఒక్కదానికీ నాకు జవాబు తెలియదు. అప్పుడు ఆయన ఇటు తిరిగాడు. "మరి అందులో రాసిందేటి?" అని, "అన్నింటికన్నా పైనుంది గదా, నిజమే అనుకున్నాం బాబూ" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి పట్టిక తీసేశాను. ఒక్కో గౌను పట్టుకుని పిన్ని చెబుతుంటే, వయసు, పొడవు, గుండీలు ఎటున్నాయి, నూలుదో కాదో, ఉన్నదున్నట్టు రాశాను. మా పేజీ సెర్చ్‌లో ఎక్కడికో జారిపోయి నాకే కనబడలేదు. కొన్నాళ్ళు చప్పుడు లేదు. ఒక రోజు, మూడేళ్ళ పిల్లకి ముందు గుండీల నూలు గౌను అని సరిగ్గా ఆ మాటలతోనే వెతికిన ఒకావిడ ఆర్డరిచ్చింది. తరవాత ఇంకొకరు. వరద ఏమీ రాలేదు కానీ మిషను ఆగలేదు. పూజల ముందు యజమాని మనిషి నెత్తిన మూటతో వచ్చి నిలబడితే, పిన్ని మిషను మీంచి లేవకుండా, "ఈసారి తీరికలేదు దాదా" అంది బెంగాలీలో. మూట వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ పేజీలు రాసే పనే జీతానికి చేస్తున్నాను. దుకాణాలవాళ్ళు వచ్చి మొదటి పేజీ అడుగుతారు, నేను ముందు గుండీల సంగతి అడుగుతాను, వాళ్ళకి విసుగొస్తుంది. కానీ మూట తిరిగి వెళ్ళిపోయిన ఆ సాయంత్రం నేను చేసింది చెప్పాలి. కొత్త చొక్కా తొడుక్కుని, వీధి చివర టీ కొట్టు దాకా వెళ్ళి, మా పిన్ని దుకాణం నిలబెట్టింది నా టెక్నిక్కేనని కనబడిన ప్రతివాడికీ చెప్పాను. తిరిగొచ్చి మా ఇంటి ముందు ఇంకొకడికి చెబుతుంటే, పిన్ని గుమ్మంలో దారం తెంపుకుంటూ విని, మళ్ళీ మిషను ముందు కూర్చుంది. అంత హాయిగా తన గొప్ప తాను నమ్మిన మనిషిని ఆ తరవాత నేను అద్దంలో కూడా చూడలేదు.