మామూలు ఇంజనీరుకు తట్టేదే

ఒకరి పేటెంటును కూలగొట్టాలంటే అది అచ్చంగా ఎవరో ముందే చేసిందని చూపించక్కరలేదు. ఆ పని తెలిసిన మామూలు ఇంజనీరు ఎవరికైనా ఇట్టే తట్టేదేనని నమ్మించినా చాలు. ఆ మాట రాసి సంతకం పెట్టడానికి ఒక నిపుణుడు కావాలి. ఆ మహానిపుణుణ్ని నేనే.

పేటెంటు నా పాత సహోద్యోగిది. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన మనిషి, నన్ను అన్నా అని పిలిచేది. మారేడ్‌పల్లిలో ఒకే గదిలో మూడేళ్లు పనిచేశాం. ఎక్స్‌రే బొమ్మల్ని నెట్‌లో తేలిగ్గా వెళ్లేలా కుదించి, ఊళ్లలోని ఆసుపత్రుల నుంచి పట్నం డాక్టర్లకు పంపడం మా పని. కుదిస్తే చాలు, ఎముకలోని సన్నటి పగుళ్లు చెరిగిపోయేవి. ముందు ఎముకను గుర్తుపట్టి, దాన్ని ముట్టుకోకుండా చుట్టూ ఉన్న నలుపును మాత్రమే కుదించే పద్ధతి చివరికి ఆమె కనిపెట్టింది. దాని మీదే చిన్న కంపెనీ పెట్టుకుంది. ఒక పెద్ద కంపెనీ అదే పద్ధతి వాడుకుంటూ, ఇదేమిటని ఆమె అడిగితే అసలు పేటెంటే చెల్లదంటూ కేసు వేసింది. అది పోతే ఆమె కంపెనీ మూతపడ్డట్టే.

పెద్ద కంపెనీ లాయరు నా ముందు రెండు పాత పరిశోధన పేపర్లు పెట్టాడు. ఒకదాంట్లో ఎముక అంచు పట్టే లెక్క, ఇంకోదాంట్లో బొమ్మలో ఒక్కో భాగాన్ని ఒక్కోలా కుదించే లెక్క.

"రెండు కలిపితే అయిపాయె గద సార్," అన్నాడు.

నిజమే. ఆమె కలిపి చూపించాక ఎవరికైనా తడుతుంది. ఆ పేపర్లు రెండూ అప్పట్లో నా టేబుల్ మీదే ఉండేవి, పెన్సిల్‌తో గీతలు కూడా గీసుకున్నాను. ఆ సంగతి చెప్పకుండా సంతకం పెట్టాను. ఎందుకంటే, దాచేదేముంది, అసూయ.

విచారణ వీడియోలో జరిగింది. ఆమె లాయరు ఒక్కటే అడిగాడు: "అంత సులువైతే, అప్పుడు మీకెందుకు తట్టలేదు?"

తట్టలేదని ఒప్పుకుంటే, నేను రాసిచ్చినదాని ప్రకారం నేను మామూలు ఇంజనీరు కంటే తక్కువ. "కుదించే పని నేను చూసేవాణ్ని కాదు," అన్నాను.

కొన్నాళ్లకు పేటెంటు రద్దయింది. ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"కుదించే పని నువ్వు చూడలేదా అన్నా? పగులు సాఫ్‌గ కనబడ్డనాడు నా టేబుల్ కాడికొచ్చి ఏమన్నవ్? ఇది నాకు ఈ జన్మల తట్టకపోతుండె అనలే?"

"అవును, అన్నాను."

"మరి గదే ముక్క ఆడ చెప్పకపోతివేంది?"

జవాబు నాకు తెలుసు. చెప్పే మొహం లేక ఫోన్ పెట్టేశాను.