యూసుఫ్ పెట్టిన తాళం

పదిహేనేళ్లకు పైగా ఒక మనిషి పరువు నా దగ్గర ఉండిపోయింది. అది నాది కాదు. అతని దగ్గర తీసుకుని తిరిగి ఇవ్వలేదు. పరువు అనే మాట మా ఇంట్లో రోజూ వినిపించేది. దానికి ఇంత బరువుంటుందని, అది ఛాతీ మీద కూర్చుంటుందని అప్పుడు తెలియదు. నా భార్యకు కూడా ఈ సంగతి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పానగల్ వైపు మాకు భూములుండేవి. చాలావరకు నా తండ్రి కాలంలోనే పోయాయి. మిగిలినవి నా చేతుల మీదుగా పోయాయి. పట్టణంలో అద్దె ఇంటికి వచ్చాను. అయినా జనం నన్ను పటేల్ సాబ్ అనే పిలిచేవారు. మిగిలింది ఆ పిలుపొక్కటే. ఇస్త్రీ లేని చొక్కాతో వాకిట్లోకి కూడా వచ్చేవాణ్ని కాదు.

రెండు వేల ఎనిమిది ప్రాంతంలో కొడుకు చదువు కోసం కంప్యూటర్ కొన్నాం. తీగ లేకుండా ఇంటర్నెట్ కావాలన్నాడు వాడు. కంప్యూటర్లు బాగుచేసే యూసుఫ్ దుకాణానికి వెళ్లాను. అతను రెండు రూటర్లు బల్ల మీద పెట్టి, చవకదాన్ని పక్కకు జరిపాడు.

"ఇది వద్దు పటేల్ సాబ్. దీని తాళం పాతది, తెలిసినోడు జరసేపట్ల తీస్తడు. ఎవడో మీ లైన్ల జొరబడి ఏమన్న చేస్తె, పేరు మీది పోతది."

పేరు అన్నాడు కదా, రెండోదే కొన్నాను. ఇంటికి వచ్చి బిగించాడు. డబ్బాతో వచ్చే పాస్‌వర్డ్ అందరికీ తెలిసిందేనని దాన్ని మార్చాడు. తాళం ఎలా వేయాలో, ఎలా తీయాలో ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలతో కాగితం మీద రాసిచ్చాడు. ఆ తర్వాత పని ఉన్నా లేకున్నా వచ్చి చాయ్ తాగి పోయేవాడు. జాలిపడకుండా, భయపడకుండా నా ఎదుట కూర్చున్న మనిషి అతనొక్కడే. స్నేహితుడని అప్పుడు ఒప్పుకునేవాణ్ని కాదు. ఇప్పుడు ఒప్పుకుంటే ఏం లాభం?

కొన్నాళ్లకు హైదరాబాద్ నుంచి నా బామ్మర్ది ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. పాస్‌వర్డ్ అడగాలని తెలిసి నవ్వాడు.

"ఏంది బావా, గాలికి గూడ తాళమేసినవ? భూములెట్లనో పోయినై, గాలన్న కాపాడుకుందామనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాగితం తెచ్చి, అందరి ముందే తాళం తీసేశాను. బామ్మర్ది వెళ్లిపోయాక మళ్లీ వేయొచ్చు. వేయలేదు. వేస్తే అతని మాట నిజమని ఒప్పుకున్నట్టు అనిపించింది. నెల రోజులు అలాగే ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం ఎస్సై ఫోన్ చేశాడు. పెళ్లి కుదిరిన ఒక టీచరమ్మ మీద నీచమైన మాటలు రాసి ఎవరో ఆమె కాబోయే అత్తవారికి మెయిల్ పంపారు. పెళ్లి ఆగిపోయింది. ఆ మెయిల్ మా ఇంటి కనెక్షన్ నుంచి వెళ్లింది. "సాయంత్రం ఒకసారి వస్తం, పటేల్ సాబ్" అన్నాడు మర్యాదగా.

నిజం చెబితే సరిపోయేది. నేనే తెరిచి పెట్టాను, ఏ గోడ పక్కన ఎవరు కూర్చుని పంపారో తెలియదు, అంతే కదా. కానీ ఒక ఆడపిల్ల బతుకు పాడుచేసిన మాటలకు నా ఇల్లు దారి ఇచ్చిందని నా నోటితో చెప్పాలా? యూసుఫ్ రాసిచ్చిన కాగితం చూసుకుంటూ మళ్లీ తాళం వేశాను. సాయంత్రం వాళ్లు పరీక్షించారు. తాళం గట్టిగా ఉంది.

"ఈ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు?" అని అడిగాడు ఎస్సై.

"పెట్టినోనికి తెలుసు" అన్నాను.

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే అంత బాగా నమ్మారు.

యూసుఫ్‌ను నాలుగు రోజులు వరసగా పిలిపించి పొద్దంతా కూర్చోబెట్టారు. ఏదీ రుజువు కాలేదు. ఐదో రోజు పొద్దున మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నాను. గడప దాటలేదు.

"నేను పెట్టిన తాళం మీరు తీసిన్రా, పటేల్ సాబ్?"

"నేనెందుకు తీస్త?"

"పదిరోజుల కింద మీ పక్కింట్ల కంప్యూటర్ చూస్తుంటె, మీ లైన్ తాళం లేకుండ కనబడ్డది. చెప్దామనుకున్న. తప్పు పట్టినట్టయితదని ఊకున్న."

"మరి స్టేషన్ల చెప్పకపోయినవా?"

"చెప్పిన. పటేల్ సాబ్ అబద్ధం చెప్తరా అన్నరు. నాకూ ఆడపిల్లలున్నరు సాబ్. ఆ పిల్ల మీద గసుంటి మాటలు నేను రాస్తనా? మీరొక్కరు చెప్తె చాలు."

"నాకు తెల్వదు యూసుఫ్."

అతను నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. కోపం ఉంటే బాగుండేది. నా గురించి తను పొరబడ్డానని అప్పుడే తెలుసుకుంటున్నవాడిలా చూశాడు. "మంచిది" అని వెళ్లిపోయాడు.

అతని పనంతా ఇతరుల ఇళ్లలోకి వెళ్లి చేసేది. ఆడపిల్లలున్న ఇంట్లోకి ఇక అతన్ని ఎవరు రానిస్తారు? రెండు నెలల్లో దుకాణం మూతపడింది. ఏడాది తర్వాత నాగర్‌కర్నూల్ బస్టాండు బయట చిన్న బల్ల వేసుకుని రీఛార్జ్ కార్డులు అమ్ముతుండగా బస్సులోంచి చూశాను. మనిషి సగమయ్యాడు. దిగి వెళ్లాలనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక అనుకున్నానని ఇప్పుడు చెప్పుకుంటున్నానా? బస్సు కదిలేదాకా కిటికీ వైపు నుంచి తల తిప్పుకుని కూర్చున్నాను. తర్వాత అతను అక్కడి నుంచి కూడా వెళ్లిపోయాడట. ఎక్కడికో ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ ఇద్దరిని మించి అడగలేదు.

తాళం తీసింది నేను. ఎస్సై వచ్చే ముందు మళ్లీ వేసింది నేను. యూసుఫ్ ఏ ఆడపిల్ల మీదా ఒక్క చెడ్డ మాట రాయలేదు.

చివరికి ఈ నిజం రాసేశాను. ఇంత చిన్న మాటలని ఇన్నేళ్లూ తెలియలేదు. ఇప్పుడు ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. నిజానికి అది కూడా నాకు దక్కాల్సింది కాదు.