చిప్ మీద రాసింది

మొన్న కార్ఖానా ఏరియాలో ఒక రిపేరు దుకాణం ముందు ఆటో కోసం నిలబడ్డాను. లోపల ఎవరో పాత కంప్యూటర్ మూత తీసి బ్లోయర్ పట్టారు. బూడిద రంగు దుమ్ము ఒక్కసారిగా బయటికి వచ్చింది. వేడెక్కిన ప్లాస్టిక్, కాలిన దుమ్ము కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలేసరికి సత్యవతి మేడం గుర్తొచ్చి, ఆటో వచ్చినా ఎక్కలేదు.

పద్మారావు నగర్‌లో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. వీధికి రెండు ఇన్‌స్టిట్యూట్‌లు పుట్టుకొచ్చిన కాలం అది. నేను అక్కడ వైర్లు లాగేవాణ్ని, మూతలు విప్పి బిగించేవాణ్ని. నలభై దాటినా నాకు అక్షరం ముక్క రాదు. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు, తెలియనివ్వలేదు. అక్కడ క్లాసులు చెప్పే సత్యవతి మేడం విజయనగరం వైపు మనిషి, నాకంటే పదిహేనేళ్లు చిన్నది. నన్ను యాదగిరి గారూ అని పిలిచేది. అప్పటిదాకా నన్ను గారూ అన్నవాళ్లు లేరు.

ఆమెను ఓనర్ సార్ ఇంకా పర్మనెంట్ చేయలేదు. మూతపడ్డ ఆఫీసు నుంచి పన్నెండు పాత కంప్యూటర్లు వచ్చాయి. వాటిని నడపడానికి లైనక్స్ అనే సిస్టమ్ వేద్దామని, అది ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ఆమే సార్‌ను ఒప్పించింది. సోమవారం క్లాసు మొదలయ్యేసరికి పన్నెండూ నెట్‌వర్క్‌లో కలిస్తే ల్యాబ్ ఇన్‌చార్జి ఆమే అని సార్ మాటిచ్చాడు. ఎనిమిది కలిశాయి. నాలుగు కలవలేదు.

నెట్‌వర్క్ కేబుల్ తగిలించే కార్డుకు, కంప్యూటర్‌కు మధ్య మాట కలిపే ప్రోగ్రామ్‌ను డ్రైవర్ అంటారు. ఆ పాతకాలం కార్డులు తామేమిటో తాము చెప్పుకోవు. మూత తీసి, పెద్ద చిప్ మీద రాసింది చదివి, దానికి సరిపోయే డ్రైవర్‌ను మనమే ఎక్కించాలి. శనివారం పొద్దున మేడం సర్వర్ దగ్గర కూర్చుని, ఆ నాలుగూ విప్పి చూడండి, మిగతావాటి మీదున్న నంబరేనా అని అడిగింది. నేను విప్పాను, చూశాను. అన్నీ ఆకుపచ్చ పలకలే, అన్నిటి మీదా నల్లటి చిప్పే.

"గవన్నీ ఒక్కటే మేడం" అన్నాను.

ఆ ఒక్క మాట మీద ఆమె రెండు రోజులు పనిచేసింది. నా కేబుళ్లు మార్చింది. కార్డుల మీది చిన్న పిన్నులు మార్చి మార్చి పెట్టింది. సిస్టమ్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించింది. తెరమీద ఏ లైను వచ్చినా నోట్‌బుక్‌లో దించేది. ముందు రాసుకోవాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి, అది ఆమె పద్ధతి. ఆదివారం నేనూ పక్కనే ఉన్నాను, అడిగిన స్క్రూడ్రైవర్ అందిస్తూ. నోరు మాత్రం విప్పలేదు. సోమవారం క్లాసు మొదలైంది. ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరేసి పిల్లల్ని కూర్చోబెట్టారు. సార్ తలుపు దగ్గర నిలబడి "ఏం మేడం, ఫ్రీ అంటిరి గద, గింత తక్లీఫ్ ఉంటదా ఫ్రీల?" అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఖాళీ ల్యాబ్‌లో ఆమె నోట్‌బుక్ మూసేసింది. అన్నం డబ్బా తెరవలేదు. "నాకే ఈ పని రాదేటో, యాదగిరి గారూ" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"నేను సద్వలే మేడం. నాకు సదువు రాదు" అన్నాను.

ఆమె నోట్‌బుక్ తెరిచి పెన్సిల్ చేతికిచ్చింది. "చదవక్కర్లేదండి. ఉన్నదున్నట్టు గీయండి."

ముగ్గు వేసినట్టు గీశాను. పనిచేసే కార్డు ఒకటి, పనిచేయనివి నాలుగు. ఆ నాలుగింటి మీదా చివర ఉన్న బొమ్మ వేరు. మొదటి దానికి, దానికి పోలికే లేదు. ఆమె ఇంకో డ్రైవర్ ఎక్కించింది. పావుగంటలో నాలుగు లైట్లూ వెలిగాయి.

కానీ ఇన్‌చార్జి పని ఇస్తానని సార్ పొద్దున్నే వేరే మనిషికి మాటిచ్చేశాడు. రెండు రోజులు ఏం చేసిన్రు అని అడిగాడు. మేడం నా వైపు తిరగనైనా తిరగలేదు. "చిప్ నేను చూసుకోవాల్సిందండి. చూసుకోలేదు" అంది. నేను పక్కనే నిలబడ్డాను.

మెట్ల మీద ఆమెను ఆపి, నా పేరెందుకు చెప్పలేదని అడిగాను. చూడకుండా నమ్మింది తనే కదా అంది. నేను దండం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "కోపం లేదనుకోకండి, ఉంది. రేపు పలక తెచ్చుకోండి."

ఆమె ఉన్నది ఆ నెలాఖరు వరకే. రోజూ అన్నాల వేళ ఆ ల్యాబ్‌లోనే నాకు అఆలు దిద్దించింది. ఎప్పుడూ నవ్వుతూ దిద్దించలేదు. ఒక్కోసారి అలిసిపోయి కళ్లు మూసుకునేది, పలక మీద నా బలపం చప్పుడు ఆగితే తెరిచేది. వెళ్లిపోయాక ఎక్కడ చేరిందో తెలియదు. తర్వాత ఆరేళ్లు ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే పనిచేశాను. చిప్పుల మీది నంబర్లు చదివాను, తర్వాత పేపరు చదివాను.

ఆ ఆరేళ్లలో రెండుసార్లు ఆ తప్పు నాదని చెబుదామని సార్ గది దాకా వెళ్లాను. మొదటిసారి తలుపు దగ్గరి నుంచే తిరిగొచ్చాను. రెండోసారి లోపలికి వెళ్లాను. "ఏంది యాదగిరీ?" అని తలెత్తాడు. సగం రోజు సెలవు కావాలన్నాను. ఇచ్చాడు. ఆ సగం రోజూ లాలాగూడలో మా ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆ సార్ ఇప్పుడు లేడు. చదివావా అని ఇప్పుడు ఎవరడిగినా, చదవనిది చదవలేదనే చెబుతాను, అది నాకు కష్టం కాదు. ఆయనకు చెప్పాల్సిన మాట మాత్రం నాతోనే ఉండిపోయింది.