తలకాయ లేని గిటారు

మా చిన్నప్పుడు... ఎవరింటికైనా దుబాయ్ పెట్టె వచ్చిందంటే గల్లీ అంతా ఆ ఇంటి వాకిట్లోనే ఉండేది. ఆర్మూర్‌లో మా ఇంటికి కూడా ఒక ఎండాకాలం ఆ భాగ్యం పట్టింది. మా చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు, మొదటిసారి సెలవు మీద వచ్చాడు. అవి పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజులు... తలుపుల మీద, మా జడల మీద, ఆఖరికి మంచినీళ్ల కుండ మీద కూడా పచ్చటి దుమ్మే.

పెట్టెకు కట్టిన తాళ్లు కోశారు. సబ్బులు, సెంటు సీసాలు, మా బాపమ్మకు, అంటే చిన్నాయన వాళ్లమ్మకు, మెత్తటి దుప్పటి... ఇవన్నీ అందరిళ్లకూ వచ్చేవే. కానీ అడుగున ఒక నల్ల సంచి ఉంది. అందులో గిటారు! అదీ కరెంటు గిటారు.

చిన్నాయన సంచి తీయగానే వాకిట్లో అందరూ ఇంకాస్త దగ్గరికి జరిగారు. ఎందుకంటే దానికి తల లేదు. ఒళ్లు కూడా అంతంత మాత్రమే... రొట్టెల పీటంత నల్లటి చెక్క, దానికో పొడుగాటి మెడ. ఆ మెడ చివర టక్కున కోసేసినట్టు ఆగిపోయింది. తీగలు బిగించే మరలన్నీ కింద ఉన్నాయి.

"విమానంల విరిగినట్టుందిరా," అన్నాడు ఎదురింటాయన జాలిగా.

"విరగలే. గది గట్లనే వస్తది. కొత్త మోడల్," అన్నాడు చిన్నాయన.

ఎవరూ నమ్మలేదు. పైగా అది మోగనూ లేదు. చప్పుడు పెద్దగా చేసే డబ్బా వేరే ఉంటుందట. బరువెక్కువైందని దాన్ని వెనక రాబోయే వేల్పూర్ స్నేహితుడికి అప్పజెప్పి వచ్చాడు. డబ్బా లేకుండా తీగ మీటితే చెవి దగ్గర దోమ తిరిగినంత వినిపించేది... అంతే.

మా చిన్న మేనత్త పెళ్లి దగ్గర పడింది. చెల్లె పెళ్లిలో తనే గిటారు వాయిస్తానని చిన్నాయన దుబాయ్ నుంచే అందరికీ చెప్పుకున్నాడు. ఇక గల్లీ ఊరుకుంటుందా... "ఎడారిల మాడి మాడి మొండి కట్టె తెచ్చిండు" అని ఒకటే నవ్వులు. పైకి చిన్నాయన కూడా నవ్వేసేవాడు. కానీ పెళ్లి మాట రాగానే చేస్తున్న భోజనం కూడా వదిలేసి లేచి వెళ్లిపోయేవాడు. కొన్ని రోజులకు గిటారును సంచిలోంచి తీయడమే మానేశాడు.

ఇదంతా బాపమ్మ గమనించింది. ఆమె బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు... చేతులు ఎప్పుడూ ఆగేవి కావు. పక్కన కూర్చున్న నాతో అంది.

"తలకాయ లేనిదానికి గొంతు యాడికెల్లి వస్తది బిడ్డా? గా బైరాగి తంబూరకే తలకాయ ఉంటది. విమానంల వచ్చినదానికి ఉండద్దా? పిల్లగాడు అమాయకుడు. దుకాణపోడు మోసం చేసిండు."

చిన్నాయన ఇంట్లో లేనప్పుడు సంచి తీసి, బీడీలు కట్టే దారంతో గిటారు మెడ కొలత తీసుకుంది. ఆ దారం పట్టుకుని నేరుగా వడ్రంగి పని చేసే వడ్లాయన దగ్గరికి పోయింది. ద్వారబంధాల మీద చిలుకలు చెక్కడంలో ఆయనది మంచి చేయి. టేకు ముక్కతో చిలుక తలకాయ చేసి, మెడ చివర టోపీలా కూర్చునేటట్టు లోపల తొలిచి తెచ్చాడు. గట్టిగా ఉండాలని మేకు కొట్టబోతే బాపమ్మ ఆయన చేయి పట్టుకుంది. "మెడల మేకు దించుతవా నర్సయ్యా" అని కసిరి, తన బీడీ దారంతోనే చుట్టి చుట్టి ముడేసింది. చిలుక ముక్కుకు కుంకుమ బొట్టు కూడా పెట్టింది.

ఆ సాయంత్రమే డబ్బా వచ్చిందని కబురు వస్తే, చిన్నాయన వేల్పూర్ పోయి తెచ్చుకున్నాడు. ఎన్నాళ్లకో ముఖంలో కళ... హుషారుగా లోపలికి వచ్చి గిటారు చూశాడు.

చిన్నాయనకు కోపం వస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు. ఆయన చిలుక వంక చూశాడు, ముడి వంక చూశాడు. బాపమ్మ మాత్రం చాట దించకుండానే అంది. "ఇగ ఎవ్వడు నవ్వుతడో నవ్వుమను బిడ్డా."

చిన్నాయన వైరు డబ్బాకు పెట్టి స్విచ్ వేశాడు. అదృష్టం, కరెంటు ఉంది. తీగలు మీటగానే అటక మీది ఇత్తడి బిందెలు గల్లుమన్నాయి. వీధిలో పోయేవాళ్లు ఆగిపోయారు.

"జూసిండ్రా..." అంది బాపమ్మ. "తలకాయ పెట్టంగనే నోరొచ్చింది."

మేం నోరు తెరవబోయాం. చిన్నాయన కళ్లతోనే వద్దన్నాడు.

"అవునవ్వా. ఇప్పుడు మంచిగైంది," అన్నాడు.

పెళ్లిలో ఆ చిలుక గిటారే మోగింది. బాగా వాయించాడో లేదో మాకేం తెలుసు... మేనత్త తలంబ్రాల చేతులతోనే కళ్లు తుడుచుకుంది. సెలవు అయిపోయి తిరిగి వెళ్లేటప్పుడు తలకాయ వల్ల సంచి జిప్పు పట్టలేదు. చిన్నాయన జిప్పు అలాగే వదిలేసి, చిలుకకు తువ్వాల చుట్టి విమానం ఎక్కాడు. బాపమ్మ బతికున్నన్నాళ్లూ ఆ గిటారుకు గొంతు తెచ్చింది తనేనని చెప్పుకునేది. ఒక్కరు కూడా కాదనలేదు.

మొన్న పెర్కిట్‌లో చిన్నాయన ఇంటికి వెళ్లాను. గిటారు గోడకు ఉంది, దారం పసుపురంగుకు తిరిగింది. వాళ్ల అబ్బాయి ఫోన్‌లో ఏదో చూపించి, "బాపూ, గిసొంటి పాతవి ఇప్పుడు దొరుకుతలేవు. గీ చెక్క తీసేస్తే ఒరిజినల్ అయితది," అన్నాడు.

"గా ముడి ఇప్పగలిగితే తియ్యి," అన్నాడు చిన్నాయన.

వాడు చాలాసేపు గోళ్లతో గింజుకున్నాడు. బీడీ ముడి... అంత తేలిగ్గా ఊడుతుందా. చివరికి కత్తెర అడిగాడు. ఇంట్లో ఎవరూ తెచ్చివ్వలేదు.

ఇప్పుడు వస్తువు కాస్త తేడాగా ఉంటే చాలు, ఫోన్‌లోనే వెనక్కి పంపేస్తున్నాం... దానికి తలకాయ చేయించే మనుషులు లేరు. మీ ఇళ్లల్లో కూడా పెద్దవాళ్లు బాగు చేస్తున్నామనుకుని దేనికో ఏదో అతికించే ఉంటారు. అదేమిటో చెప్పండి... ముడి మాత్రం విప్పకండి.